‘ఆ రోజు నేను ఊళ్లోనే లేను’ అనే గ్యాంగ్ లీడర్ మీద హత్య కేసు నిలబడాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హనుమకొండ శివారులో భూమి తగాదా. 2025లో నలుగురు కుర్రాళ్లు ఇనుప రాడ్లతో కొడితే మీ మేనమామ మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయారు. నలుగురూ దొరికారు, అందులో ఒకడికి పదిహేడేళ్లు. వాళ్లను నడిపించేది సెటిల్‌మెంట్లు చేసే ఒకాయన అని ఊరంతా తెలుసు. పోలీసులు ఆయన్ని ఐదో నిందితుడి (ఏ5)గా చూపించి, హత్య సెక్షన్‌తో పాటు, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 190 కలిపి ఛార్జిషీట్ వేశారు. ఆయన మాత్రం ‘ఆ రోజు నేను వేములవాడల ఉన్న, నా మీద ఇంతకుముందు ఒక్క కేసు లేదు, నేను చంపుమనలె’ అంటున్నాడు. లీడర్ అని రుజువైతే చాలదా అన్నది మీ ప్రశ్న.

చాలదు. గ్యాంగుకు పెద్ద అయినందుకే హత్యకు శిక్ష వేసే సెక్షన్ మన చట్టంలో లేదు. ‘ఊరంతా తెలుసు’ అన్నది సాక్ష్యం కాదు. రౌడీషీట్ ఉన్నా అది పోలీసుల నిఘా కోసం తెరిచే కాగితమే. నిందితుడి పాత చెడ్డపేరు చూపించి శిక్ష అడగడానికి, పాత సాక్ష్య చట్టం బదులు వచ్చిన సాక్ష్య అధినియమంలోని 49 ఒప్పుకోదు, తాను మంచివాడినని అతనే ముందు సాక్ష్యం పెట్టుకుంటే తప్ప. కాబట్టి ఆయన్ని, కొట్టినవాళ్లను కలిపే తాడు ఏదో ఒకటి కోర్టుకు చూపించాలి. ఏ తాడు ఎంచుకున్నారన్న దాన్నిబట్టే కేసు నిలబడడమో కూలడమో ఉంటుంది. మీ ఛార్జిషీట్‌లో ఎంచుకున్న తాడు తప్పు. ముందు అదే చెప్తాను.

190 అంటే పాత ఐపీసీ 149. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది అక్రమంగా గుమిగూడి, ఉమ్మడి లక్ష్యంతో నేరం చేస్తే, ఆ గుంపులో ఉన్న ప్రతివాడూ ఆ నేరానికి బాధ్యుడు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, సెక్షన్ మాటల్లోనే ‘నేరం జరిగే సమయానికి ఆ గుంపులో సభ్యుడై ఉండాలి’ అని ఉంది. వేములవాడలో ఉన్న మనిషి ఆ సమయానికి ఆ గుంపులో ఉన్నాడని చెప్పలేరు. రెండోది ఇంకా ప్రమాదం. ఘటనాస్థలంలో ఉన్నది నలుగురే. లీడర్‌ను కలిపితేనే ఐదుగురయ్యారు. ఆయన్ని తీసేస్తే మిగిలిన నలుగురి మీద కూడా 190 నిలవదు. పేర్లు తెలియని ఇంకెవరో అక్కడ ఉన్నారని ఎఫ్ఐఆర్‌లో గానీ సాక్షుల మాటల్లో గానీ ఉంటే లెక్క వేరు. 1962లో మోహన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఈ లెక్క గురించే. నలుగురి విషయంలో కోర్టు 3(5)కి మారి శిక్ష వేయగలదు. లీడర్ మీద ఆ దారి పనిచేయదు. ఎక్కువ పేర్లు పెడితే కేసు గట్టిపడుతుందనుకుని 190 రాయడం స్టేషన్లలో అలవాటుగా మారింది. పెద్దమనిషి తేలిగ్గా బయటపడే సందు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

3(5), అంటే పాత 34, ఉమ్మడి ఉద్దేశం. దీనికి ఐదుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు. 1924లో, అప్పట్లో మన దేశానికి పై కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ తీర్పిచ్చిన బారేంద్ర కుమార్ ఘోష్ కేసు దీనికి పునాది. కలకత్తాలో ఒక పోస్టాఫీసులో పోస్టుమాస్టర్‌ను కాల్చి చంపితే, తాను బయట నిలబడ్డానే గానీ కాల్చలేదని బారేంద్ర వాదించాడు. కాపలా నిలబడ్డవాడూ ఆ పనిలో భాగస్వామే అన్నారు. ఆ తీర్పులోనూ అతను తలుపు దగ్గర ఉన్నాడని గమనించండి. కొట్టడం, చంపడం లాంటి హింస కేసుల్లో 3(5) పెట్టాలంటే ఆ చోట లేదా దగ్గర్లో ఉండి ఏదో ఒక పాత్ర పోషించాలన్నది కోర్టుల సాధారణ ధోరణి. రోడ్డు చివర కారులో కూర్చుని కాపలా కాసినా సరిపోతుంది. నమ్మకద్రోహం లాంటి కాగితాల మీద జరిగే నేరాల్లో హాజరు అంత ముఖ్యం కాదని 1960లోనే జైకృష్ణదాస్ దేశాయ్ కేసులో అన్నారు గానీ, రాడ్డు దెబ్బల కేసుకు దాన్ని లాగడం కష్టం. కాబట్టి 3(5) ఆ నలుగురికి. లీడర్‌కు కాదు.

లీడర్‌కు అతికేవి రెండు: కుట్ర 61(2), ప్రేరేపణ 45 నుంచి 54 వరకు ఉన్న సెక్షన్లు. ఈ రెండింటికీ ఆయన ఆ రోజు ఎక్కడున్నాడన్నది అనవసరం. వేములవాడ గుడి సీసీ కెమెరాలో ఆయన కనిపిస్తే కనిపించనివ్వండి, దాన్ని అబద్ధమని నిరూపించడానికి మీరు శ్రమపడొద్దు. పని పురమాయించినవాడు ఆ రోజు దూరంగా ఉండడంలో వింతేముంది?

కుట్ర అంటే ఒప్పందం. నేరం చేద్దామని ఇద్దరు ఒప్పుకున్న క్షణానే అది నేరమవుతుంది. హత్య కుట్ర అయితే ప్రేరేపించినవాడితో సమానంగా, అంటే ప్రేరేపణకు శిక్ష చెప్పే న్యాయ సంహిత 49 ద్వారా హత్యకు ఉన్న శిక్షే పడుతుంది. అయితే లాయర్లు కూడా కలగాపులగం చేసే సంగతి ఒకటుంది. అమెరికాలో 1946 నాటి పింకర్టన్ తీర్పు ప్రకారం కుట్రదారుల్లో ఒకడు చేసిన నేరం మిగతావాళ్లందరి ఖాతాలోనూ పడుతుంది. మన సుప్రీంకోర్టు 2005లో పార్లమెంటు దాడి కేసులో, నవ్‌జ్యోత్ సంధు తీర్పులో, అంతదూరం వెళ్లలేమంది. కుట్రలో ఉన్నాడు గనక ఇతరులు చేసిన ప్రతి నేరాన్నీ తానే చేసినట్టు అనలేం, కుట్రకు, ప్రేరేపణకు మాత్రం శిక్షించవచ్చు అంది. అందుకే లీడర్ మీద ఛార్జి ‘103(1)’, అంటే హత్య, అని ఒంటరిగా రాయకూడదు. ‘61(2)తో కలిపి 103(1)’ అని ఒకటి, ‘49తో కలిపి 103(1)’ అని ఇంకొకటి, వేర్వేరుగా ఉండాలి. తీర్పు రోజున ఒకటి నిలవకపోయినా రెండోది మిగులుతుంది.

ఇక ‘చంపుమనలె, బెదిరించి రమ్మన్న’ అనే వాదన. ట్రయల్‌లో అసలు పోరు దీని మీదే జరుగుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

చట్టం దీన్ని రెండు సెక్షన్లుగా విడగొట్టింది. చెప్పిన పని ఒకటి, జరిగిన పని వేరొకటి అయితే 51. చెప్పిన పనే చేశారు గానీ ఫలితం పెద్దదైతే 53. 51కి చట్టంలోనే ఉదాహరణలున్నాయి. ఒకడు ఇల్లు తగలబెట్టమని పంపితే, వెళ్లినవాడు తగలబెట్టి, పనిలో పనిగా సామాను కూడా ఎత్తుకొచ్చాడు. దొంగతనానికి పంపినవాడు బాధ్యుడు కాడు, అది తగలబెట్టడం వల్ల సహజంగా వచ్చేది కాదు గనక. అదే, అర్ధరాత్రి ఇంట్లో పడి దోచుకోమని చేతికి ఆయుధాలిచ్చి పంపితే, ఎదురు తిరిగిన ఇంటాయనను వాళ్లు చంపేస్తే, ఆ హత్య ఊహించదగ్గదైతే పంపినవాడికీ హత్య శిక్షే. 53 కింద, గట్టి గాయం చేయమని పంపితే మనిషి చనిపోయిన పక్షంలో, ఆ గాయం ప్రాణం తీయవచ్చని పంపినవాడికి తెలుసా లేదా అన్నదే ప్రశ్న.

మీ కేసు 53 కిందకు వస్తుంది. అంటే ఆయన ‘చంపండి’ అన్నాడని నిరూపించే భారం మీకు లేదు. రాడ్లు ఇచ్చి పంపాడని, లేదా రాడ్లతో వెళ్తున్నారని తెలుసని చూపిస్తే సగం పని అయినట్టే. మిగతా సగం పోస్టుమార్టం రిపోర్టులో ఉంటుంది. గాయాలు ఎన్ని, ఎక్కడ, తల మీద ఎన్ని? దెబ్బలన్నీ మోకాళ్ల కింద ఉండి, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి చనిపోయారని డాక్టర్ చెబితే, లీడర్ బాధ్యత 118(2) (ప్రమాదకర ఆయుధంతో గట్టి గాయం) దాకా, మహా అయితే 105 (హత్య కిందకు రాని నరహత్య) దాకా దిగిపోవచ్చు. తల పగిలి ఉంటే, నలుగురూ ఒకేచోట గురిపెట్టి ఉంటే, బెదిరింపు అన్న మాట నిలవదు. నలుగురిలో ఒకడు తన సొంత పగతో జేబులోని కత్తి తీసి పొడిచాడనుకోండి, అప్పుడు ఆ ఒక్కడి పనిని లీడర్ మీద వేయడం కష్టం. మీ విషయంలో అది లేదు కాబట్టి సాగదీయను.

పదిహేడేళ్ల కుర్రాడి సంగతి మీరు చివర్లో ఒక వాక్యంలో అన్నారు గానీ, అది లీడర్‌కు పెద్ద గుదిబండ. న్యాయ సంహితలో 95 కొత్త సెక్షన్. పిల్లల చేత నేరం చేయించినవాడికి తక్కువలో తక్కువ 3 ఏళ్లు, గరిష్ఠంగా 10 ఏళ్లు. నేరం జరిగిపోతే, దాన్ని తానే చేసినట్టుగా ఆ శిక్ష కూడా. మైనర్లను ముందుపెట్టే గ్యాంగుల లెక్కను తిప్పికొట్టడానికి పెట్టిన సెక్షన్ అది. ఛార్జిషీట్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే పదో తరగతి మెమో లేదా పుట్టిన తేదీ సర్టిఫికెట్‌తో పీపీని (పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను) కలవండి.

ఇప్పుడు సాక్ష్యం. దొరికిన నలుగురూ స్టేషన్‌లో ‘అన్నే పంపిండు’ అని చెప్పారని, దాన్ని మధ్యవర్తుల ముందు ‘కన్ఫెషన్ కం సీజర్ పంచనామా’గా రాశారని అన్నారు. మన దగ్గర ప్రతి కేసులోనూ ఆ కాగితం ఉంటుంది. దాన్ని చూసి కుటుంబాలు ధైర్యం తెచ్చుకుంటాయి. లీడర్ మీద దాని విలువ సున్నా. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్య అధినియమం 23 కింద చెల్లదు. దాని వల్ల రాడ్డు, బండి, ఫోన్ లాంటి వస్తువు దొరికితే, ఆ దొరికినంత మేరకు చెప్పిన మాటే చెల్లుతుంది, అదీ చెప్పినవాడి మీద. మేజిస్ట్రేట్ ముందు ఒకడు ఒప్పుకున్నా, 24 కింద దాన్ని తోటి నిందితుడి మీద వాడాలంటే ముందు వేరే సాక్ష్యం నిలబడాలి. ఒప్పుకోలు దానికి ఊతం మాత్రమే. 1952లో కాశ్మీరా సింగ్ కేసు నుంచి ఇదే మాట.

కుట్ర కేసుల్లో నిజంగా పనిచేసేది సాక్ష్య అధినియమం సెక్షన్ 8, పాత సాక్ష్య చట్టంలో 10. కుట్ర ఉందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ముందు చూపిస్తే, కుట్ర నడుస్తుండగా ఒకడు దాని గురించి అన్నది, రాసింది మిగతావాళ్ల మీద చెల్లుతుంది. ఘటనకు ముందురోజు ఆ కుర్రాళ్లలో ఒకడు స్నేహితుడికి ‘అన్న చెప్పిండు, రేపు పని అయిపోతది’ అని వాట్సాప్ వాయిస్ పెట్టి ఉంటే, అది లీడర్ మీద చెల్లుతుంది. అదే మాట అరెస్టయ్యాక అంటే చెల్లదు. కుట్ర ముగిసిపోయింది గనక అని 1940లో మీర్జా అక్బర్ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చేసింది. అందుకే ఘటనకు ముందున్న నాలుగైదు రోజులు మీకు బంగారం.

ఆ రోజుల్లో ఏం వెతకాలి? కాల్ డేటా (సీడీఆర్) అందరూ తెస్తారు. లీడర్‌కు, ఏ1కి మధ్య ఆ రోజు పద్దెనిమిది కాల్స్ ఉన్నాయంటే వాళ్లు మాట్లాడుకున్నారని తెలుస్తుంది గానీ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ‘వాడు నా దగ్గర పనిచేస్తడు, రోజూ మాట్లాడత’ అంటే ఐపోయింది. కాల్స్ సంఖ్య కాదు, వాటి వరుస చూపించాలి: ఏ1 మీ మామ ఇంటి టవర్ పరిధిలోకి వచ్చిన నిమిషం, లీడర్‌కు వెళ్లిన కాల్, దాడి సమయం, దాడి అవ్వగానే మళ్లీ వెళ్లిన కాల్. దానితో పాటు మామూలు నెలలో వాళ్లిద్దరి మధ్య ఎన్ని కాల్స్ ఉండేవో కూడా పెట్టాలి, లేకపోతే పోలిక ఉండదు. వాట్సాప్ కాల్స్ సీడీఆర్‌లో కనిపించవు. వాటికి ఫోనే కావాలి. ఫోన్‌ను పంచనామాతో సీజ్ చేసి, ల్యాబ్‌కు పంపి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు భాగాలున్నాయి, రెండోది నిపుణుడు సంతకం పెట్టాల్సింది. చాలా ఫైళ్లలో మొదటి భాగమే ఉంటుంది, డిఫెన్స్ దాన్నే పట్టుకుంటుంది. టెలికాం కంపెనీలు రికార్డులను 2 ఏళ్లు ఉంచాలి. మీ ఘటన తేదీ నుంచి లెక్కపెట్టుకుని, ఇంకా తెప్పించని నంబర్లు ఉంటే ఇప్పుడే అడిగించండి. షాపుల సీసీ కెమెరాల ఫుటేజీ మాత్రం వారాల్లోనే చెరిగిపోతుంది, అప్పుడు తీసుకోకపోతే దాని మీద ఆశ వదులుకోవాలి.

డబ్బు జాడ కాల్స్ కన్నా గట్టిది. ఫోన్‌పే, గూగుల్‌పేలో చిన్న చిన్న మొత్తాలు, బండి అద్దె, పెట్రోలు, ఆ కుర్రాళ్లు తలదాచుకున్న లాడ్జి బిల్లు ఎవరు కట్టారు, వాళ్ల బెయిల్‌కు జామీను ఎవరు తెచ్చారు. బండి ఏ టోల్‌గేట్ దాటినా, హైదరాబాద్ దారిలోని కోమళ్ల వైపు పోయినా ఇంకోవైపు పోయినా, ఫాస్టాగ్ రికార్డు ఉంటుంది. దాడి తర్వాత లీడర్ చేసిన పనులు, అంటే ఫోన్ మార్చడం, కుర్రాళ్లను దాచడం, ఆయన ప్రవర్తనగా సాక్ష్య అధినియమం సెక్షన్ 6 కింద చెల్లుతాయి. భూమి మీద ఆయనకు లాభం ఏమిటో చూపే కాగితం, అగ్రిమెంట్ కావచ్చు, జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) కావచ్చు, తప్పకుండా ఫైల్లో ఉండాలి. మోటివ్ లేకుండా కుట్ర కేసు కుంటుతుంది.

ఇవన్నీ కలిపినా గొలుసు పూర్తి కాకపోతే అప్రూవర్ దారి ఉంది, అంటే నిందితుల్లో ఒకడు క్షమాభిక్ష తీసుకుని సాక్షిగా మారడం. అది సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్ష సంహితలో 343. రాడ్డు ఎత్తినవాణ్ని కాదు, బండి నడిపినవాడో కబురు మోసినవాడో ఎవరైనా ఉంటే అతన్ని ఎంచుకోవాలి. కొట్టినవాడు క్షమాభిక్ష తీసుకుని సాక్ష్యం చెబితే జడ్జికి మనసొప్పదు. అప్రూవర్ అప్పటికే బెయిల్ మీద లేకపోతే ట్రయల్ అయ్యేదాకా లోపలే ఉండాలి. అతని మాటకు ముఖ్య విషయాల్లో వేరే ఆధారం తోడవ్వాలి.

‘నా మీద ఒక్క కేసు లేదు’ అన్న మాటకు న్యాయ సంహిత 111, వ్యవస్థీకృత నేరం సెక్షన్, జవాబివ్వగలదు. ఇద్దరు చాలు ముఠా అనడానికి. భూ ఆక్రమణ, బలవంతపు వసూళ్లు, సుపారీ హత్య అన్నీ అందులో ఉన్నాయి. షరతు ఏమిటంటే, గత 10 ఏళ్లలో, 3 ఏళ్లు లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఒకటి కన్నా ఎక్కువ ఛార్జిషీట్లు పడి, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. ఆ ఛార్జిషీట్లు ఈయన పేరు మీదే ఉండాలా? కర్ణాటక వ్యవస్థీకృత నేరాల చట్టంలో ఇదే నిర్వచనం మీద, గౌరీ లంకేశ్ హత్య కేసులో 2021లో సుప్రీంకోర్టు, ముఠా మీద ఉంటే చాలు, ప్రతి సభ్యుడి మీదా విడిగా అక్కర్లేదంది. కాబట్టి ఏ1, ఏ2 మీద పాత కేసుల జాబితా తెప్పించండి. లోక్ అదాలత్‌లో రాజీ అయినవి ఉంటే వదిలేయకండి, నిర్వచనంలో శిక్ష పడాలని లేదు. అయితే ఆ పాత కేసులకు, ఈ లీడర్ ముఠాకు సంబంధం చూపాలి. లేకపోతే అవి ఆ కుర్రాళ్ల సొంత కేసులే. మరణం జరిగితే ఉరి లేదా యావజ్జీవం, జరిమానా 10 లక్షలకు తగ్గదు. మెంబర్ అయినందుకే కనీసం 5 ఏళ్లు.

111 చూసి మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టం మకోకాతో పోల్చుకోవద్దు. మకోకాలో ఎస్పీ స్థాయి అధికారి ముందు ఒప్పుకోలు చెల్లుతుంది, బెయిల్‌కు కఠిన షరతులున్నాయి. 111లో ఆ రెండూ లేవు. కాళేశ్వరం దగ్గర వంతెన దాటి మహారాష్ట్ర సిరోంచలో దొరికినవాడి పరిస్థితికి, ఈ ఒడ్డున దొరికినవాడి పరిస్థితికి అంత తేడా ఉంటుంది.

పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టించండని మీకు సలహా ఇచ్చారట. 1986 నాటి ఆ చట్టంలో ‘గూండా’ నిర్వచనంలో గ్యాంగ్ లీడర్ అన్న మాట నిజంగానే ఉంది. కానీ అది గరిష్ఠంగా 12 నెలల ముందస్తు నిర్బంధం, హత్యకు శిక్ష కాదు. ఒక భూమి తగాదాలో ఒక హత్య శాంతిభద్రతల సమస్యే గానీ, ప్రజా వ్యవస్థకు భంగం కాదన్న వాదన వెంటనే వస్తుంది. అమీనా బేగం కేసులో 2023లో, నేనావత్ బుజ్జి కేసులో 2024లో సుప్రీంకోర్టు తెలంగాణ ఉత్తర్వులను కొట్టేస్తూ గట్టిగానే మందలించింది. దాని చుట్టూ తిరిగి ట్రయల్‌ను మరిచిపోవద్దు.

మీరు చేయాల్సినవి ఛార్జీలు ఖరారు కాకముందే చేయాలి. సురక్ష సంహిత 338(2) కింద పీపీకి సాయంగా మీ లాయర్‌ను పెట్టుకోండి. న్యాయ సంహిత 190 బదులు 3(5), లీడర్‌కు 61(2), 49, 53, 95 అడుగుతూ రాతపూర్వకంగా ఇవ్వండి. ఖరారయ్యాక తెలిసినా, సురక్ష సంహిత 239 కింద తీర్పు వచ్చేలోపు కోర్టు ఎప్పుడైనా ఛార్జి మార్చగలదు, లోపాన్ని దాని దృష్టికి తేవచ్చు, కాకపోతే సాక్షుల్ని మళ్లీ పిలవాల్సి వస్తుంది, ఆ లోపు వాళ్లు మారిపోతారు. ఫోన్, డబ్బు సాక్ష్యం మిగిలి ఉంటే 193(9) కింద తదుపరి దర్యాప్తు కోరండి. లీడర్ వెనక ఇంకో పెద్ద ఉన్నాడని ట్రయల్‌లో సాక్షి చెబితే 358 కింద అతన్నీ పిలిపించవచ్చు. పేరు ఎత్తితే చాలదు, శిక్షకు కాస్త తక్కువైనా ఛార్జీకి కావాల్సినదాని కన్నా గట్టి ఆధారం కావాలని 2014లో హర్‌దీప్ సింగ్ తీర్పు.

లీడర్‌ను ముఠాతో కలిపే సాక్షి మీకు ఒకరో ఇద్దరో ఉంటారు: ఇంటికొచ్చి బెదిరించినప్పుడు విన్నవాళ్లు, సెటిల్‌మెంట్‌కు పిలిచిన చోట కూర్చున్నవాళ్లు. వాళ్ల వాంగ్మూలం సురక్ష సంహిత 183 కింద మేజిస్ట్రేట్ ముందు ఇప్పటిదాకా కాకపోతే వెంటనే చేయించండి. బెదిరింపులు మొదలైతే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉన్న కమిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన ఆ పథకంలో, ఏసీపీ స్థాయి అధికారి ఐదు పనిదినాల్లో ముప్పు మీద రిపోర్టు ఇవ్వాలి, రక్షణ ఒకసారికి మూడు నెలల చొప్పున ఇస్తారు. దరఖాస్తులో ‘ప్రాణభయం ఉంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ తేదీన, ఏ నంబర్ నుంచి, ఎవరు, ఏ మాట అన్నారో రాయండి. ఆ రాసింది రేపు లీడర్ బెయిల్ రద్దుకు కూడా పనికొస్తుంది.